నువ్వుగింజంత కొసరు

భూమి శుద్ధ చవితి

నూకరత్నం ఊపిరి చొక్కా ఇవాళ కుట్టుయంత్రంలోంచి బయటికి వచ్చింది. బెత్తెడు పైనే పొడవు. చేతి తొడుగులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. తలకి గాజు బుర్ర తగిలిస్తే పిల్ల కళ్లు ఎక్కడో దాని అడుగు అంచు దగ్గర కనిపించాయి. చూసిన వాళ్లందరం నవ్వాం. నేనైతే అందరికన్నా గట్టిగా నవ్వాను. నూక మాత్రం నవ్వలేదు.

పదకొండేళ్లు నిండిన పిల్లల చేత గడప దాటించడం మా దిబ్బపాలెంలో ఆనవాయితీ. సొరంగాల్లో పుట్టి పెరిగిన పిల్ల మొదటిసారి సొంత చొక్కా తొడుక్కుని పైకెక్కాలి. చంద్రుడి దుమ్ములో తన కాళ్ల మీద నిలబడి ఆకాశంలో నిండు భూమిని చూడాలి. భూమి నిండిన రోజే మాకు పున్నమి; ఈ పున్నమికి ఆ వంతు నూకది. వాళ్ల నాన్న అప్పలకొండ మంచు గనిలో పని చేస్తాడు. పెళ్లాం జబ్బుతో పోయి నాలుగేళ్లైంది. మిగిలింది ఈ ఒక్క కూతురే. గడప దాటింపు నాడు ఊరందరికీ మిఠాయి పంచాలని నెలరోజులుగా తన వంతు బీటుదుంప పాకం తాగకుండా దాస్తున్నాడు.

"ఈ మిసనుకి మతి పోనాది. రేపు ఇంకోటి కుట్టిద్దాం, నువ్వు బెంగెట్టుకోకు," అన్నాను నూకతో. పిల్ల తల ఊపి రాట్నం ఎక్కడానికి వెళ్లిపోయింది. ఇక్కడ మనుషులు దూదిపింజల్లా తేలిక కాబట్టి ఎముక గట్టిపడడానికి పిల్లలు రోజూ నాలుగు గంటలు ఆ గిరగిర తిరిగే గదిలో గడపాలి. తిరుగుతున్నంతసేపూ ఒంటికి బరువు వస్తుంది.

ఈ చిట్టా రాయాల్సింది తోటకూర తొట్ల గురించీ, పున్నమి పున్నమికీ కొలిచే పిల్లల ఎత్తుల గురించీ. గవరమ్మ అనే నాకు ఊరు అప్పగించిన పనులు ఆ రెండే. ఇవాళ తోటకూర బాగానే ఉంది. మూడో తొట్టికి పేనుబంక పట్టింది, కడిగాను.

శుద్ధ షష్ఠి

రెండో చొక్కా కూడా అంతే పొడవు వచ్చింది.

పొద్దున్న ఇంట్లో దుమ్ము తుడుచుకున్నాక యంత్రం దగ్గరికి వెళ్లి దాన్ని నానా తిట్లూ తిట్టాను. అది తెర మీద ఒకే ఒక్క అంకె చూపించింది: నూట నలభై ఒకటి సెంటీమీటర్లు. నా చిట్టాలోంచి తీసుకున్న ఎత్తు. నాకు ఒళ్లు మండింది. పిల్లని పిలిచి, గోడకి ఆనించి నిలబెట్టి, నేల నుంచి నెత్తి దాకా టేపు పట్టాను. నూట ముప్పై. టేపు మార్చి మళ్లీ కొలిచాను. నూట ముప్పై.

"అత్తా, నాను సరిగ్గానే నిలబడినానా?" అని అడిగింది నూక.

"సరిగ్గానే నిలబడినావు తల్లీ. ఎల్లి ఆడుకో," అన్నాను. పిల్ల వెళ్లాక చిట్టా తెరిచి పాత అంకెలన్నీ చూశాను.

ఇప్పుడు రాసేది దాచకుండా రాస్తాను. మా ఊళ్లో ప్రతి పిల్లకీ అంకెలు లేని ఒక బద్ద ఉంటుంది. పున్నమి నాడు నెత్తి మట్టానికి బద్ద మీద గీత గీస్తాను. పాత గీతకీ కొత్త గీతకీ ఎడం ఎంతో చూసి, ఈ నెల ఇంత ఎదిగిందని చిట్టాకి చెబుతాను. చెప్పింది విని రాసుకుని, మొత్తం తనే కూడుకోవడం ఆ చిట్టా యంత్రం పని. నేల నుంచి కొలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మా మామ్మ విజయనగరం బజారులో పూలు అమ్మేది. మూర కొలిచాక ఇంకో నాలుగు పూలు కొసరు వేయకుండా ఎవరికీ దండ ఇచ్చేది కాదు. "కొసరెయ్యని సెయ్యి సెయ్యేటే?" అనేది. ఆ చేతి కింద పెరిగినదాన్ని నేను. పిల్లల కొలత చేతికి వచ్చిన మొదటి నెలే, అంత కచ్చితంగా కొలిస్తే దిష్టి తగులుతుందని నువ్వుగింజంత కొసరు వేశాను. అంటే మూడు మిల్లీమీటర్లు. గీత సరిగ్గానే గీసేదాన్ని, చెప్పే అంకెలోనే కలిపేదాన్ని. పిల్లలు మొహాలు చేటంత చేసుకునేవాళ్లు. తల్లులు మురిసిపోయేవాళ్లు. ప్రతి నెలా, ప్రతి పిల్లకీ, మూడేళ్లు వేశాను.

ముప్పై ఆరు నువ్వుగింజలు కలిపితే దాదాపు పదకొండు సెంటీమీటర్లు. కొలత నా చేతికి వచ్చినప్పుడు నూక నూట ఇరవై నాలుగు ఉండేది. అంటే ఈ మూడేళ్లలో పిల్ల నిజంగా పెరిగింది ఆరు సెంటీమీటర్లు. ఆ ఈడు పిల్ల ఒక్క ఏడాదిలో పెరగాల్సినంత. బద్ద మీద దాని గీతలు దగ్గర దగ్గరగా పడుతున్నాయని నా కళ్లు చూస్తూనే ఉన్నాయి. తల్లి లేని బెంగ, నిమ్మళంగా అదే పుంజుకుంటుందిలే అనుకున్నాను. అంకె చూస్తే బాగానే కనిపించేది. ఆ అంకెని బాగు చేసింది నేనేనన్న సంగతి నాకే గుర్తుకు రాలేదు.

ఇంకో సంగతి తలుచుకుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. చంద్రుడి మీద బరువు తక్కువ కనుక పిల్లలు భూమ్మీద కన్నా పొడుగ్గా పెరుగుతున్నారని అక్కడి పెద్ద చదువుల వాళ్లు ఒక సిద్ధాంతం రాశారు. అదంతా నా నువ్వుగింజ మీద నిలబడి ఉంది.

అష్టమి

మా ఊరి డాక్టర్ మెహరున్నిసా గారి దగ్గరికి నూకనీ అప్పలకొండనీ తీసుకెళ్లాను. కొసరు సంగతి ఆవిడకి చెప్పాను. అప్పలకొండ విన్నాడు గానీ, అతనికి అంతా ఎక్కినట్టు లేదు. డాక్టరు గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

నూక ఎడమ మణికట్టుకి ఎముకలు కనిపించే ఫొటో తీశారు. చెయ్యికి సూది పెట్టి ఏదో మందెక్కించి అరగంటకోసారి రక్తం తీశారు, నాలుగుసార్లు. నూక ఒక్కసారి కూడా ఏడవలేదు. అప్పలకొండే మొహం గోడకి తిప్పుకున్నాడు.

"మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది, గవరమ్మ గారూ. పీయూష గ్రంథి అంటారు. పిల్లలు గాఢంగా నిద్రపోయేటప్పుడు అది ఎదుగుదల హార్మోను వదులుతుంది. దాని కబురు కాలేయానికి వెళ్తుంది. కాలేయం ఇంకో కబురు ఎముకల కొసలకి పంపుతుంది. అక్కడ మెత్తటి పొర ఉంటుంది. పెరిగేది అక్కడే."

"ఈ పిల్లకి ఆ కబురు అందడం లేదేటండి?" అన్నాను.

"అందడం లేదో, అసలు బయల్దేరడమే లేదో రక్తం చెప్పాలి. మెడలో ఉండే థైరాయిడ్ మందగించినా పిల్లలు ఇలాగే ఆగిపోతారు. మనసు కుంగిపోయినా ఒక్కోసారి ఆగుతారు. అన్నీ చూద్దాం."

నవమి

థైరాయిడ్ బాగానే ఉంది. తలకి ఫొటో తీస్తే గడ్డలేవీ లేవు. పీయూష గ్రంథి మాత్రం దాదాపు మూగబోయింది. మందిచ్చి రెచ్చగొట్టినా ఎదుగుదల హార్మోను చాలినంత రాలేదు.

మంచి మాట కూడా ఒకటి ఉంది. మణికట్టు ఫొటోలో నూక ఎముకల వయసు ఎనిమిదిన్నర. ఒంట్లో గడియారం వెనకబడిందన్నమాట. ఎముకల కొసలు ఇంకా తెరుచుకునే ఉన్నాయి.

"అవి ఎప్పటికీ తెరిచి ఉండవు," అన్నారు డాక్టరు గారు. "ఈడేరే హార్మోన్లు వచ్చాక మెల్లగా మూసుకుంటాయి. మూసుకున్నాక ఎంత మందు పోసినా ఒక్క వెంట్రుకవాసి పెరగదు. ఇప్పుడు మొదలుపెడితే చాలా వరకు అందుకుంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ నేను చెయ్యగలిగేది తగ్గిపోతుంది."

మందు ఇక్కడే తయారు చేయొచ్చు. మాకు పప్పు కాచే తొట్లు మూడున్నాయి. ఒక తొట్టిలో తగిన సూక్ష్మజీవుల్ని పాలకి తోడు వేసినట్టు వేస్తే అవే ఆ హార్మోనుని తయారు చేస్తాయి. కానీ పిల్లలకి ఏ హార్మోను ఇవ్వాలన్నా భూమ్మీదున్న బాలల సంఘం ఒప్పుకోవాలి. వాళ్లు మొదట అడిగేది మూడేళ్ల ఎదుగుదల చిట్టా. ఆ చిట్టా ప్రకారం నూకకి ఏ లోటూ లేదు.

నిజం కొలతలు పంపాలంటే నూకవి ఒక్కటే పంపి సరిపెట్టలేం. మొత్తం పందొమ్మిది మంది పిల్లల చిట్టా తప్పని ఒప్పుకోవాలి. పిల్లలు చక్కగా ఎదుగుతున్నంత కాలమే వాళ్లని చంద్రుడి మీద ఉంచుకోవచ్చని సంఘం షరతు. ఎదుగుదల తగ్గిందంటే భూమికి దింపేస్తారు.

డాక్టరు గారు నా వైపు చూసి, "చిట్టా మీది. పంపాల్సింది మీరే," అన్నారు.

ఏకాదశి

తోటకూర కోస్తుంటే అప్పలకొండ వచ్చాడు. వెనకాల నూక కూడా వచ్చి తొట్టి చివర నిలబడింది. అప్పలకొండ నన్ను సొంత అక్కనే అన్నట్టు అప్పా అని పిలుస్తాడు. అతని పెళ్లికి ఆడపడుచు కట్నంగా నాకు చీర పెట్టించాడు. ఇన్నేళ్లలో నా ముందు గొంతు పెంచింది లేదు.

"అప్పా, ఆ కాయితం పంపకు," అన్నాడు.

"పంపకపోతే మన నూక గుంటకి మందు రాదు, అప్పలకొండా."

"పంపితే నా గుంటని తీసుకుపోతారు. నాను ఎనక ఎల్లనేను. పదిహేనేళ్లు తేలిగ్గా కొట్టుకున్న గుండె కింద బరువుకి ఆగిపోతాదని డాక్టరమ్మే సెప్పినాది. దానికి తల్లి నేదు. నన్ను కూడా నేకుండా సేసెత్తావేటి? పొట్టిగా ఉంటే ఏటయిపోతాదప్పా? పొట్టోళ్లు బతకడం నేదేటి?"

పొట్టిగా ఉండడం నేరం కాదు. పొట్టిగా ఉండి నిక్షేపంగా బతికిన వాళ్లు ఎంతోమంది. అయితే ఇది పిల్ల ఒంట్లో ఒక కబురు ఆగిపోయిన సంగతి. ఎత్తొక్కటే కాదు, ఆ హార్మోను లేకపోతే ఎముకకీ కండకీ కూడా బలం తగ్గుతుందని డాక్టరు గారు చెప్పారు. అసలే ఇది చంద్రుడు. ఇవన్నీ చెప్పబోయాను.

అప్పుడు నూక మాట్లాడింది. "నాన్నా, నాను ఎదగడం నేదని నాకు తెలుసు."

ఇద్దరం అటు తిరిగాం.

"మూడేళ్ల కిందటి లంగాలే ఏసుకుంటన్నాను. అంచు ఇప్పి కిందకి వదల్నేదు. పున్నమి పున్నమికీ అత్తేమో ఎదిగినావని సెప్పీది. బుక్కులో అలాగున్నాదంటే నాదే తప్పేమో, రాట్నంలో సరిగ్గా నిలబడనేదేమో అనుకున్నాను. అందుకని రోజూ ఇంకో గంట ఎక్కువ తిరిగినాను. వాంతి అయినా దిగనేదు."

అప్పలకొండ కూతుర్ని దగ్గరికి తీసుకోబోయాడు. అది రెండడుగులు వెనక్కి వేసింది. "నన్ను కిందకి పంపినా సరే, ఇక్కడ ఉంచినా సరే. నాకేటయినాదో నిజం సెప్పండి," అంది.

పిల్లల్ని సంతోషపెడుతున్నానని మూడేళ్లు మురిసిపోయిన మనిషిని నేను. ఆ పిల్లకి తన ఒంటి మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కొడవలి కింద పెట్టి దాని ముందు కూర్చున్నాను. పీయూష గ్రంథి గురించీ, కొసరు గురించీ, ఎముకల కొసల గురించీ అన్నీ చెప్పాను. అప్పలకొండ అడ్డు రాలేదు. నేను ఆగాక మొహం తుడుచుకుని, "ఆ కాయితం పంపీ అప్పా," అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం పంపాను.

పున్నమి

సంఘం మాట తేలేదాకా గడప దాటింపు ఆగిపోయింది. దానికి బదులు భోజనశాలలో కొలతల పంచాయితీ జరిగింది. సంఘం వాళ్లు తెర మీద చూస్తుండగా పందొమ్మిది మంది పిల్లల్నీ నేల నుంచి నెత్తి దాకా మళ్లీ కొలవాలన్నారు. టేపు డాక్టరు గారు పట్టుకున్నారు. నేను పక్కన నిలబడి, ఎవరికి ఎంత కలిపానో ఊరందరి ముందు చెప్పాను.

తల్లులు నాతో మాట్లాడలేదు. ఒకామె మాత్రం, "మా గుంటడు నూట యాబై అని అందరికీ సెప్పుకున్నానే!" అని తల కొట్టుకుంది. కొలిస్తే నూట ముప్పై తొమ్మిది వచ్చాడు. ఆ ఈడుకి అది మామూలే. వాడు మాత్రం పరువు పోయినట్టు మొహం పెట్టాడు. ఒక్కొక్కరే గోడ దగ్గరికి వెళ్తుంటే టేపు మీది అంకె డాక్టరు గారి కన్నా ముందు నేను చదివేదాన్ని. ఎవరైనా తక్కువ వస్తే ఆ ఇల్లు రెండు ముక్కలవుతుంది, అది నా వల్ల.

నూక ఆఖర్న వెళ్లింది. అందరూ చూస్తున్నారని తెలిసి కూడా మడమలు నేలకి గట్టిగా ఆనించి నిలబడింది. డాక్టరు గారు నూట ముప్పై అని పైకి చదివారు.

అప్పలకొండ లేచి, దాచిన పాకంతో చేసిన మిఠాయి పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పున్నమి పున్నమే కదా. తినండి," అన్నాడు. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత తల కొట్టుకున్న ఆ తల్లే వచ్చి ఒక ముక్క తీసుకుంది.

బహుళ నవమి

జవాబు వచ్చింది. డాక్టరు గారు అప్పలకొండ ఇంట్లో మా ముగ్గురి ముందూ చదివారు.

సవరించిన కొలతలతో పద్దెనిమిది మంది పిల్లలూ భూమ్మీది మామూలు పిల్లల్లాగే ఎదుగుతున్నారు. కనుక ఎవరినీ దింపరు. సిద్ధాంతం రాసిన వాళ్లకి కోపం వచ్చిందట, అది వాళ్ల బాధ. నూకకి ఏడాది పాటు మందు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడాదిలో ఆరు సెంటీమీటర్లయినా పెరగకపోతే మిగతా వైద్యానికి పిల్లని భూమికి పంపాలి. గవరమ్మ అనే మనిషి ఇక మీదట పిల్లల్ని కొలవరాదు.

ఆఖరి మాట దగ్గర డాక్టరు గారి గొంతు తగ్గింది. నేను అంతకన్నా పెద్ద శిక్షకే సిద్ధపడ్డాను. అప్పలకొండకి మాత్రం ఆ ఏడాది గడువు తప్ప ఇంకేమీ వినిపించలేదు. "ఆరు. ఆరంటే ఎంతప్పా?" అని అడిగాడు. నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించాను. తన వేళ్లు పక్కన పెట్టి చూసుకున్నాడు.

ఒక తొట్టి మందుకి ఇవ్వాలంటే ఊరంతా నెలరోజులు పప్పు పలచగా తాగాలి. భోజనశాలలో చేతులెత్తమంటే చేతులెత్తని వాళ్లు ఇద్దరే. వాళ్లకి పప్పు ఎప్పుడూ చాలదు, పాత సంగతే.

మళ్లీ భూమి శుద్ధ పంచమి

తోటకూర రెండో కోత అయింది. మందు మొదటి విడత నిన్న తయారైంది. పిల్లల బద్దలన్నీ డాక్టరు గారికి అప్పగించేశాను. ఆవిడ వాటిని పక్కన పడేసి గోడకి పెద్ద కొలబద్ద బిగించారు.

మందు రోజూ పడుకునే ముందు తొడకి గుచ్చాలి. సొంతంగా వచ్చే హార్మోను నిద్రలో వస్తుంది కాబట్టి అదే వేళకి ఇస్తారు. సూది సన్నంగా, చిన్నగా ఉంటుంది. డాక్టరు గారు అప్పలకొండకి నేర్పించారు. గనిలో మంచురాళ్లు పగలగొట్టే ఆ చేతులు సూదిని తొడ దాకా తీసుకెళ్లి వెనక్కి లాగేసుకున్నాయట. మూడుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేశాడు.

"అత్తని పిలు. అత్త గుచ్చుతాది," అందట నూక.

అప్పలకొండ వచ్చి చెబితే నేను నమ్మలేదు. వెళ్లేసరికి పిల్ల మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. డాక్టరు గారు సూది నింపి నా చేతికిచ్చి, ఎక్కడ గుచ్చాలో చూపించి పక్కకి తప్పుకున్నారు.

"నా మీద కోపం నేదేటే?" అని అడిగాను.

"ఉన్నాది," అంది.

"మరి నన్నెందుకు పిలిసినావు?"

"నాన్న భయపడి సగమే గుచ్చుతాడు. డాక్టరమ్మ ఏటడిగినా నవ్వుతాది. నువ్వయితే తప్పు సేసినానని అందరి ముందు సెప్పీసినావు. ఇంక నాకాడ దాసడానికి నీకేటున్నాది?" అంది. "అత్తా, నాను మిగతా గుంటలంత అవుతానా?"

ఎందుకవ్వవే తల్లీ, వాళ్లని మించిపోతావు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మూడేళ్ల అలవాటు మరి. అప్పలకొండ కూడా నేను ఆ మాటే అనాలని నా మొహంలోకి చూస్తున్నాడు.

"తెల్దే," అన్నాను. "ఇప్పటికన్నా ఎదుగుతావంటన్నాది డాక్టరమ్మ. ఎంతో ఆవిడికీ తెల్దు, నాకూ తెల్దు."

నూక ఆ మాటని లోపల ఎక్కడో సర్దుకుంటున్నట్టు కళ్లు దించుకుంది. మళ్లీ తలెత్తి సూది వంక చూసింది.

"నొప్పేత్తాదా?"

"ఏత్తాది."

నూక దుప్పటి పక్కకి తోసి, కాలు నా ఒళ్లో పెట్టింది.